తెలుగు కృతిని వేలమంది కలిసి ఎప్పుడు పాడారు?

బెథోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటి నుంచి చివరిదాకా గ్రామఫోన్ రికార్డుకెక్కింది 1923లో. జర్మనీలో బ్రూనో సైడ్లర్ వింక్లర్ దాన్ని నడిపించాడు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి ముందు విద్వాంసులంతా కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్న కృతులను ఒకే గొంతుగా పాడే గోష్ఠిగానం మొదలైంది 1940ల తొలినాళ్లలో. అనాదిగా వస్తోందని మనమంతా నమ్మే ఆ గోష్ఠి పుట్టకముందే తొమ్మిదో సింఫనీ రికార్డు బజార్లో దొరుకుతోందన్నమాట! మద్రాసు రేడియో కేంద్రం కూడా 1938 నాటిదే, అదీ గోష్ఠి కంటే వయసులో పెద్దదే. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నేను రెండు వైపుల రికార్డింగులూ పక్కపక్కన పెట్టుకుని వింటున్నాను.

అసలు ఆ ఇద్దరూ ఒక కాలంవాళ్లు. త్యాగయ్య పుట్టింది 1767లో, బెథోవెన్ 1770లో. 1824 మే 7న వియన్నాలో తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు బెథోవెన్‌కు చెవులు వినపడవు. చప్పట్లు మోగుతున్నాయని తెలియక నిలబడితే, గాయని కరోలిన్ ఉంగర్ ఆయన్ను జనం వైపు తిప్పిందట. అప్పటికి త్యాగయ్యకు యాభై ఏడేళ్లు. కావేరి ఒడ్డున తంబురా మీటుతూ ఉంఛవృత్తికి వెళ్లే మనిషి. ఆయన పాట వెంట శిష్యుల గొంతులు కలిసే ఉంటాయి. కానీ వేలమంది తన శ్రీరాగ కృతి పాడుతుంటే వినే యోగం ఆయనకు లేదు. 1847 జనవరి 6న సిద్ధి పొందిన మనిషికి ఆ ధ్వని అందడానికి ఇంకో తొంభై ఏళ్లు పైనే పట్టింది.

గుంపుగా పాడటం మనకు కొత్త కాదు. మా కోడేరు వైపు ఏ ఊళ్లోనైనా భజన వినండి, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను చూడండి. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే మనిషికి పాటంతా రావాలి, అందుకునేవాళ్లకు జవాబు వస్తే చాలు. ముందు పాడే ఆమెకు మాట తట్టకపోతే వెనకవాళ్ల జవాబులో ఊపిరి తీసుకుని కొత్త మాట కట్టేస్తుంది. తిరువయ్యారు పద్ధతి వేరు. అక్కడ ఎత్తుకునేవాళ్లూ అందుకునేవాళ్లూ అని లేరు. పల్లవి నుంచి చివరి చరణం దాకా, స్వరమూ సాహిత్యమూ, అందరికీ అంతా రావాలి. తొమ్మిదో సింఫనీ బృందగానం మూడో దారి. అందులో నాలుగు రకాల గొంతులకు నాలుగు వేరు వరుసలు.

ఆ రెండో దారి ఎలా పడింది? ఇక్కడ నా మనసంతా ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది. త్యాగయ్య పోయాక సమాధి మూలనపడింది. 1908 నుంచి తిల్లైస్థానం నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అనే అన్నదమ్ములు ఆరాధన జరిపించారు. కొద్దికాలానికే విడిపోయారు. పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలు. ఒక వర్గం ఉత్సవం త్యాగయ్య సిద్ధి పొందిన తిథి పుష్య బహుళ పంచమితో ముగిస్తే, ఇంకో వర్గం ఆ రోజుతో మొదలుపెట్టేది. ఇద్దరూ ఏకమైన విషయం ఒక్కటే: ఆడవాళ్లు ఆ సన్నిధిలో పాడకూడదు.

సరిగ్గా అప్పుడు బెంగుళూరు నాగరత్నమ్మ వచ్చింది. 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టిన దేవదాసి. మద్రాసులో కచేరీలతో సంపాదించి, ఇల్లు కట్టుకుని, ఆదాయపు పన్ను కట్టిన గాయని. ఆమె తెగువ అప్పటికే తెలుగువాళ్లు చూసి ఉన్నారు. కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’లో పద్యాలు ఎగరగొట్టి అచ్చువేశారని గమనించి, అసలు ప్రతి వెతికి 1910లో వావిళ్ల వారి చేత పూర్తి కావ్యం వేయించింది. వీరేశలింగం వంటివారు ఛీకొట్టిన పుస్తకం అది. ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధాన్ని 1947లో ఆంధ్రకేసరి ప్రకాశం ప్రభుత్వం ఎత్తేయడం చూసే ఆయుష్షు ఆమెకు దక్కింది.

సమాధి దుస్థితి గురించి గురువు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం అందుకుని ఆమె తిరువయ్యారు వెళ్లింది. స్థలం కొన్నది, 1921లో గుడికి పునాది వేయించింది, తన సొమ్ముతో కట్టించింది. కట్టిన గుడిలో పాడటానికి మాత్రం ఆమెకు చోటు లేదన్నారు. ఆమె బతిమాలుతూ కూర్చోలేదు. ఆడవాళ్లను పోగుచేసి గుడి వెనక వైపున మూడో ఆరాధన మొదలుపెట్టింది. వర్గాలు మూడయ్యాక రాజీ తప్పలేదు. 1940-41లో అందరూ ఒకే సభ కిందికి వచ్చారు. ఎవరు ముందు పాడాలి, ఎవరు తర్వాత అన్న తగవుకు అందరూ ఒక్కసారే పాడటాన్ని మించిన పరిష్కారం ఏముంది? మగవాళ్ల వరుస, ఆడవాళ్ల వరుస, మధ్యలో దారి, ఎదురుగా స్వామి. ఈ కూర్పు అలా స్థిరపడింది. నాగరత్నమ్మ 1952లో కన్నుమూసింది. ఆమె సమాధి ఆయన సమాధికి ఎదురుగానే ఉంది. తొమ్మిదో సింఫనీ ముగింపులోని సౌభ్రాతృత్వం గురించి పుస్తకాలకు పుస్తకాలు రాశారు. కలిసి పాడే హక్కు కోసం ఒక ఆడమనిషి పడిన ఈ పాట్లకు మన సంగీత పుస్తకాల్లో ఇంకా చాలా చోటు బాకీ ఉంది.

ఇక రికార్డింగుల సంగతి. ఫుర్ట్‌వాంగ్లర్ 1951లో బైరాయిట్‌లో నడిపిన తొమ్మిదో సింఫనీ సుమారు 74 నిమిషాలు సాగుతుంది. సీడీ నిడివి దాన్ని బట్టే పెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. సీడీ తయారీలో ఉన్న ఇంజినీరు కీస్ ఇమ్మింక్ మాత్రం ఆ కథను పూర్తిగా ఒప్పుకోలేదు. టోస్కనీని అదే కృతిని 65 నిమిషాల దగ్గర ముగిస్తాడు. ఒకే అచ్చు నుంచి తొమ్మిది నిమిషాల తేడా! బెర్లిన్ గోడ కూలాక 1989 క్రిస్మస్ రోజున బెర్న్‌స్టైన్ ఏకంగా సాహిత్యంలోనే ‘ఆనందం’ అన్న మాట తీసేసి ‘స్వేచ్ఛ’ పెట్టాడు. గోష్ఠిలో అంత చనువు కుదరదు. వందల గొంతులు ఒకచోట కలవాలంటే వేగం ఒకటే, పాఠం ఒకటే.

ఆ ఒకటే పాఠం కోసం ఏమేం వదులుకున్నామో గౌళ కృతి దగ్గర చెవికి తెలుస్తుంది. గౌళలో రిషభం మామూలు శుద్ధ రిషభం కంటే ఒక్క పిసరు కిందికి ఉండాలి. ఏకశ్రుతి రిషభం అంటారు. బాలమురళీకృష్ణ పాడిన రికార్డులో గొంతు ఆ స్థానం మీద ఆగి, షడ్జానికి ఆనుకుని నిలబడుతుంది. తిరువయ్యారు ప్రత్యక్ష ప్రసారంలో అదే చోట వంద రిషభాలు వినిపిస్తాయి. కొన్ని పైన, కొన్ని కింద, మొత్తానికి ఒక మసక. వరాళిలో ఇంకా కష్టం. అక్కడ మధ్యమం పంచమాన్ని తాకబోయేంత పైకి పోవాలి. ఒకరు చేస్తే ఒళ్లు జలదరిస్తుంది, వందమంది చేస్తే వయొలిన్లే దాన్ని మోయాలి. త్యాగయ్య శిష్యుల నుంచి ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట అని మూడు పరంపరలు వచ్చాయి, మూడింటికీ పాఠాంతరాలు ఉన్నాయి. ఆ తేడాలు వినిపించే పాతకాలపు పాట మన చేతికి దక్కడం కష్టమే. 78 తిరుగుళ్ల రికార్డు ఒక పక్కన మూడు నాలుగు నిమిషాలే పట్టేది, పంచరత్నం అందులో ఇమిడేది కాదు. పొడుగు పాటను పట్టే పళ్లేలు వచ్చేసరికి గోష్ఠి పాఠమే అందరి నోళ్లలో నిలిచింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే నష్టం.

అయినా గోష్ఠి రికార్డింగులు పక్కన పెట్టమని చెప్పను. వేణువుల మీద భైరవి కృతి అయిపోయి, నాట ఎత్తుకోగానే మృదంగాలన్నీ ఒక్కసారి పడే ఆ దెబ్బ ఏ స్టూడియోలోనూ పుట్టదు. ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లు తెలుగు మాటలను కళ్లు మూసుకుని పాడుతుంటే మన భాష మనకే కొత్తగా వినిపిస్తుంది. 1978 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లోనూ ఏటా ఆరాధన జరుగుతోంది. అక్కడ పుట్టిన పిల్లలు కూడా ఇదే గోష్ఠి పాఠం నేర్చుకుని వస్తున్నారు.

కొత్తగా వినేవాళ్లకు నా సలహా ఇది. నాట, ఆరభి, శ్రీ గోష్ఠిలో వినండి. అవి గుంపు గొంతును తట్టుకుంటాయి, గుంపులో పెరుగుతాయి కూడా. గౌళ, వరాళి మాత్రం బాలమురళి దగ్గరో మహారాజపురం సంతానం దగ్గరో, ఒక్క గొంతులో, రాత్రి ఊరు సద్దుమణిగాక వినండి. ఆ తర్వాత గోష్ఠిలో అవే రెండూ పెట్టుకుంటే మసక వెనక ఉన్న రిషభం ఎక్కడుందో చెవి తనే వెతుక్కుంటుంది.