అక్కకు లేని వాటా

ఒకే తల్లి కడుపున పుట్టినా చెల్లెలికి వాటా ఉండి, అక్కకు లేకపోవడం విన్నారా? మన రాష్ట్రంలోనే అలా జరిగింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆడపిల్లని వారసురాలిని చేసింది గానీ, పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కుని కొడుక్కే ఉంచింది. తల్లి లేని ఇల్లు, ఒక కొడుకు, ఒక కూతురు అనుకోండి. వీలునామా రాయకుండా తండ్రి పోతే, ముందు సగం కొడుకుది. మిగిలిన తండ్రి సగంలో ఇద్దరికీ సమానం. అంటే నాలుగెకరాల్లో కొడుక్కి మూడు, కూతురికి ఒకటి.

ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ పుట్టుకతో సమాన హక్కు ఇచ్చింది. కానీ ఆ తేదీకే పెళ్ళయిపోయిన అక్కకి వర్తించదంది. 2005లో కేంద్ర సవరణ వచ్చాక ఆ తేడా పోయింది, అప్పటికే పద్ధతిగా పంపకాలు జరిగిన ఆస్తులకి తప్ప.

మరి ఇప్పటికీ ఎంతోమంది ఆడవాళ్ళు "నాకేమీ వద్దు" అని ఎందుకు సంతకం పెడుతున్నారు? పండక్కి పిలుపు, పురిటికి పుట్టిల్లు, కష్టమొస్తే అన్నయ్య గుమ్మం. వీటికి ఏ చట్టమూ పూచీ ఇవ్వదు. అవి పోతాయన్న భయంతో వాటా వదులుకుంటాం, లోకం దాన్ని మంచితనమంటుంది. తమ్ముడు తన వాటా అడిగితే మాత్రం ఎవరూ ఆశపోతు అనరు.

చట్టం హక్కు ఇవ్వగలదు. అడిగే ధైర్యం ఇంట్లోనే రావాలి. మన కూతుళ్ళని సంతకం అడిగే రోజు వస్తే, వాళ్ళు వదులుకుంటున్నది ఎంతో ముందుగా చెప్పే అడుగుదాం.