పెనుకొండ నిధి

పెనుకొండ కొండ ఎక్కుతున్నప్పుడు ఒక మేకల కాపరి ఎదురై, మా భుజాన ఉన్న సంచిని చూచి, "ఏం సామీ, మిషను తెచ్చినారా?" అని అడిగినాడు. అందులో ఉన్నది మాటలను పట్టుకొనే యంత్రమే కాని లోహాలను పట్టుకొనే యంత్రం కాదని చెప్పినాము. అతడు నమ్మీ నమ్మనట్లు నవ్వి వెళ్ళిపోయినాడు. కోటకు వచ్చిన కొత్తవారు నిధికోసమే వచ్చి ఉంటారని అనుమానించడం అక్కడ వింత కాదు. ఆ అనుమానం వెనుక నాలుగున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది.

1565 జనవరిలో రక్కసి-తంగడి యుద్ధంలో అళియ రామరాయలు కూలిపోగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకొని విజయనగరాన్ని వీడినాడు. తరువాత పెనుకొండ రాజధాని అయినది. ఆనాడు 550 ఏనుగులమీద ధనరాశులు తరలిపోయినవని రాబర్టు సూయెల్ 1900లో ప్రచురించిన గ్రంథంలో వ్రాసినాడు. సుమారు 1592లో రాజధాని చంద్రగిరికి మారినది. మరి ఆ ధనమంతా ఏమైనది? కొండ కడుపులోనే ఉన్నదని జనవాక్యం. కాని బిజాపురం వారి దాడులను ఎదుర్కొంటూ వచ్చిన రాజ్యానికి సేనల జీతబత్యాలకంటె పెద్ద ఖర్చు ఏముంటుంది? రాజధానిని మార్చే రాజు బొక్కసాన్ని వెనుక విడిచిపోతాడా? ఈ ప్రశ్నలు వేసికొన్నవారికి ఏనుగుల కథలోని బంగారం చాలవరకు కరిగిపోతుంది.

అయినా ఆశ కరగదు. వెనుకటి రోజులలో అంజనం వేయించేవారు. ఇప్పుడు యంత్రం తెస్తున్నారు. ఈ యంత్రం మన రేడియోకు దగ్గరి చుట్టమే. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని పరిధిలోకి లోహం వస్తే అందులో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి, ఆ మార్పు చెవికి ధ్వనిగా వినిపిస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు శరీరంలోని తూటాను వెదకడానికి టెలిఫోను నిర్మాత గ్రహాంబెల్ ఇట్టి సాధనాన్నే ప్రయోగించి విఫలుడైనాడు. రేడియో సాయంతో దిక్కు కనుగొనే పరికరాలమీద పనిచేసిన గెర్హార్డు ఫిషర్, లోహశోధన యంత్రానికి 1937లో పేటెంటు పొందినాడు. రెండవ ప్రపంచయుద్ధంలో పోలండు సైనికాధికారి కొసాట్స్కీ రూపొందించిన యంత్రం మందుపాతరలను వెదకడానికి ఉపయోగపడినది. యుద్ధం ముగిసిన తరువాత అటువంటి సాధనాలు పాశ్చాత్య దేశాలలో తీరికవేళల వినోదమైనవి.

చేతిలో పట్టుకొని తిరిగే సామాన్య యంత్రం ఒక్క నాణేన్ని జానెడు లోతున కనిపెట్టవచ్చును. మూరెడు దాటితే కష్టం. పైగా వరహాకూ మేకుకూ ఉన్న తేడా అది ఎల్లప్పుడూ తెలుపలేదు. ఇనుము పాలు ఎక్కువైన ఎర్రమట్టి కూడ దానిని తికమక పెడుతుంది. అందుచేత పాత కోటలో దాని వెంట తవ్వుతూ పోయేవానికి దొరికేవి చాలవరకు ఇనుపముక్కలే.

నష్టం మాత్రం చిన్నది కాదు. ఒక గచ్చు క్రింద, కదలని మట్టిపొరలో, అచ్యుతరాయల గండభేరుండ నాణెం దొరికినదనుకొందాము. ఆ గచ్చు ఆయన కాలానికి పూర్వం వేసినది కాదని అది సాక్ష్యం చెబుతుంది. అదే నాణేన్ని పెకలించి జేబులో వేసికొంటే మిగిలేది లోహం, దాని తూకం, సాక్ష్యం పోయినది. ఆ పొరను మళ్ళీ ఎవరూ పేర్చలేరు. రాయలసీమలో నిధి ఉన్నదన్న భ్రమతో నంది విగ్రహాల క్రింద గోతులు తీసిన వార్తలు, శివలింగాలను పెకలించిన వార్తలు పత్రికలలో తరచు చదువుతున్నాము. పొరుగున కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల సమక్షంలోనే తవ్వకాలు ఆరంభమై వారాల తరబడి సాగినవి. నిధి మాత్రం దొరకలేదు.

ఈ విషయంలో చట్టం పాతదే. 1878 నాటి నిధి శాసనం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలుపవలెను. దాచినవారెవరో తేలని నిధిలో, వేరు ఒడంబడిక లేనప్పుడు, మూడు పాళ్ళు కనుగొన్నవారికి, ఒక పాలు భూమి యజమానికి చెందుతుంది. ప్రభుత్వం దానిని తీసికొనదలచితే లోహపు విలువకు అయిదవ వంతు చేర్చి చెల్లించవలెను. దాచిపెట్టినవారికి ఏడాది వరకు ఖైదు. రక్షిత స్థలాలలో అనుజ్ఞ లేక తవ్వడాన్ని 1958 నాటి శాసనం నిషేధించినది. ఇంగ్లండులో 1996 నాటి చట్టం తరువాత, ఈ వినోదం గలవారు తమకు దొరికిన వస్తువులను, దొరికిన చోటుతో సహా, నమోదు చేయించే ఏర్పాటు జరిగినది. ఇంతవరకు 10 లక్షలకు మించిన వస్తువులు ఆ జాబితాకెక్కినవి. 2009లో స్టాఫర్డుషైరు పొలంలో ఒక అభిరుచిపరునికి దొరికిన ఆంగ్లో-సాక్సను బంగారం మ్యూజియంలకు చేరినది; కనుగొన్నవానికీ భూస్వామికీ బహుమానం దక్కినది. వేడుక చరిత్రకు శత్రువు కానక్కరలేదని, చెప్పక తవ్వడమే శత్రువని దీనివలన తెలుస్తున్నది.

హిందూపురం నుండి లేపాక్షి ఎంతో దూరం లేదు. అక్కడి వీరభద్రాలయాన్ని కట్టించిన విరూపణ్ణ పెనుకొండ కోశాధికారి. రాజధనాన్ని గుడికి వెచ్చించిన నేరానికి తన కన్నులు తానే పెరికి గోడకు కొట్టినాడని కథ. కథ ఎట్లున్నా, కోశాధికారి చేతిమీదుగా వెలసిన స్తంభాలు, చిత్తరువులు నేటికీ కన్నుల ఎదుట ఉన్నవి. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు త్రవ్వించి, తల్లి ధర్మాంబ పేర ఊరు కట్టించినాడని చెబుతారు. ఆనాటి సంపదలో కొంత ఇట్లు రాయిగా, నీరుగా మారి నేలమీదనే మిగిలినది.

దుక్కి దున్నేటప్పుడు శ్రోతలలో ఎవరికైనా ఒక రాగికాసు దొరకవచ్చును. దానిని చింతపండుతో తోమకండి, సంతలో అమ్మకండి. ఏ పొలంలో, ఏ మూల, ఎంత లోతున దొరికినదో ఒక కాగితంమీద వ్రాసి, తహశీలుదారు ద్వారానైనా కలెక్టరుకు తెలియజేయండి. ఆ కాగితం లేకపోతే కాసు మూగది. మరల కొండ ఎక్కినప్పుడు ఆ మేకల కాపరి ఎదురైతే, ఈ మాటే అతనితో చెప్పవలెనని అనుకొంటున్నాము.