మోడల్ జెట్ విమానాల ఆఫ్టర్‌బర్నరు

ఆఫ్టర్‌బర్నరు అనగా జెట్ ఇంజనులో టర్బైను దాటి వచ్చిన వేడి వాయువులో మరల ఇంధనాన్ని మండించి, థ్రస్టును (విమానాన్ని ముందుకు నెట్టే బలాన్ని) తాత్కాలికంగా పెంచే అమరిక. బ్రిటిష్ వారు దీనిని రీహీట్ అంటారు. ధ్వని వేగాన్ని మించే యుద్ధవిమానాలలో ఇది సర్వసాధారణం. రేడియో కంట్రోల్‌తో ఎగిరే మోడల్ జెట్ విమానాలలో మాత్రం అరుదు. మోడల్ జెట్‌ల తోకలో కనిపించే ఎర్రని, నీలి వెలుగులలో అధిక భాగం ఎల్.ఇ.డి. దీపాల వలయాలే. తోకలో మంట కనబడినంత మాత్రాన అది పనిచేసే ఆఫ్టర్‌బర్నరు అనిపించుకోదు. థ్రస్టు కొలతలో పెరుగుదల కనబడాలి, అదే సమయంలో టర్బైను ఉష్ణోగ్రత హద్దు దాటకూడదు. ఈ రెండు షరతులను ఒకేసారి నెరవేర్చడమే దీని నిర్మాణంలోని అసలు సమస్య.

సూత్రం

జెట్ ఇంజనులోకి ప్రవేశించిన గాలి అంతా దహనానికి ఖర్చు కాదు. టర్బైను రెక్కలు కరగకుండా ఉండుటకు ఇంధనం కంటె ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని పంపుతారు. మోడల్ ఇంజనులలో ఒక గ్రాము కిరోసిన్‌కు సుమారు 50 గ్రాములు లేదా అంతకు మించిన గాలి ఉంటుంది. ఆ కిరోసిన్ పూర్తిగా మండుటకు 15 గ్రాముల గాలి చాలు. కాబట్టి టర్బైను నుండి వెలువడే వాయువులో ఇంకా చాలా ఆమ్లజని మిగిలి ఉంటుంది. టర్బైనుకు, నాజిల్‌కు మధ్యనున్న తోకగొట్టంలో (జెట్ పైపులో) ఇంధనం చిమ్మితే, ఈ ఆమ్లజనితో అది మండుతుంది. అక్కడ తిరిగే రెక్కలు లేవు గనుక ఉష్ణోగ్రతను టర్బైను తట్టుకోగల హద్దు కంటె ఎక్కువకు పెంచవచ్చును.

వాయువు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, నాజిల్ నుండి మరింత వేగంగా వెలువడుతుంది. నాజిల్ పీడనం మారకుండా ఉంటే థ్రస్టు పరమ ఉష్ణోగ్రత (కెల్విన్‌లలో కొలిచే ఉష్ణోగ్రత) యొక్క వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. నాజిల్ వైశాల్యం కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. ఈ రెండవ వాక్యాన్ని విస్మరిస్తే ఇంజను పాడవుతుంది.

చరిత్ర

1940లో ఎగిరిన ఇటలీ ప్రయోగాత్మక విమానం కాప్రోని-కాంపినిలో, పిస్టన్ ఇంజనుతో తిరిగే కంప్రెసరు వెనుక గొట్టంలో ఇంధనాన్ని మండించే ఏర్పాటు ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఈ పద్ధతి యుద్ధవిమానాలలో వ్యాప్తి చెందింది. ప్రయాణికుల విమానాలలో కాంకార్డ్ దీనిని వాడుకొన్నది.

మోడల్ విమానాలకు టర్బైను ఇంజన్లు ఆలస్యంగా వచ్చాయి. 1983లో బ్రిటన్‌లో జెర్రీ జాక్‌మన్ బృందం టర్బోజెట్‌తో నడిచే మోడల్‌ను ఎగురవేసింది. 1980ల చివరలో జర్మనీకి చెందిన కుర్ట్ ష్రెక్లింగ్ ఇంటి పనిముట్లతో తయారు చేయదగిన ఇంజనును రూపొందించాడు. దాని కంప్రెసరు చక్రాన్ని చెక్కతో చేసి కార్బన్ నారతో బిగించాడు. అనంతరం కంపెనీలు తయారు చేసిన ఇంజన్లు మార్కెట్‌లోకి వచ్చాయి. ఆఫ్టర్‌బర్నరు ప్రయోగాలు ఈ ఇంజన్లపైనే జరుగుతున్నాయి.

భారతదేశంలో మారుత్ అనుభవం

భారతదేశంలో ఆఫ్టర్‌బర్నరు సమస్యను మొదట ఎదుర్కొన్నది హెచ్.ఎఫ్-24 మారుత్ యుద్ధవిమానం. కుర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగుళూరులోని హిందుస్థాన్ సంస్థ రూపొందించిన ఈ విమానం 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. అనుకొన్న శక్తివంతమైన ఇంజను అందకపోవడంతో, రీహీట్ లేని రెండు ఓర్ఫియస్ 703 ఇంజన్లతో సరిపెట్టవలసి వచ్చింది. బెంగుళూరులోని గ్యాస్ టర్బైన్ పరిశోధనా సంస్థ (జి.టి.ఆర్.ఇ.) ఈ ఇంజనుకు రీహీట్ అమరికను అభివృద్ధి చేసింది. ఆనాడు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నవారు తెలుగువాడైన సూరి భగవంతం (1961-69). రీహీట్ అమర్చిన మారుత్ 1970 జనవరి 10న బెంగుళూరులో నేల నుండి లేస్తూ కూలిపోగా, ప్రసిద్ధ టెస్ట్ పైలట్ గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ మరణించాడు.

ఈ విమానంలో మరో చిక్కు కూడా కలదు. రీహీట్ గొట్టాలు, పెద్ద నాజిళ్లు పట్టుటకు తోకభాగాన్ని వెడల్పు చేయవలసి వచ్చింది. దానివలన గాలి నిరోధం పెరిగి, అదనపు థ్రస్టులో చాలా భాగాన్ని హరించింది. బల్లపై బిగించిన ఇంజనులో లాభం కనబడినా, విమానంలో అది మిగలకపోవచ్చునని దీనివలన తెలుస్తుంది. మోడల్ నిర్మాతకు కూడా ఇది వర్తిస్తుంది.

నిర్మాణ భాగాలు

• డిఫ్యూజరు: టర్బైను నుండి వచ్చే వాయువు అతి వేగంగా ఉంటుంది. ఆ వేగంలో మంట నిలవదు, కొట్టుకొని పోతుంది. క్రమంగా వెడల్పయ్యే గొట్టంతో వేగాన్ని తగ్గించాలి. వాలు నిటారుగా ఉంటే ప్రవాహం గోడను విడిచి సుడులు తిరుగుతుంది.

• ఇంధన సరఫరా: కిరోసిన్‌ను సన్నని రంధ్రాల వలయం ద్వారా చిమ్ముతారు. 30 సెం.మీ. గొట్టాన్ని సెకనుకు 100 మీటర్ల వేగంతో దాటే వాయువు అందులో ఉండేది సెకనులో వెయ్యింట మూడు వంతులు మాత్రమే. అంతలో బిందువు ఆవిరై, గాలితో కలిసి మండాలి. అందువలన వేడి గొట్టాలలో ముందుగా ఆవిరి చేసి పంపే పద్ధతి, లేదా ప్రొపేన్ వాయువును వాడే పద్ధతి చిన్న ఇంజన్లకు అనువైనవి.

• మంట నిలుపు: ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో మడిచిన రేకు వలయాన్ని, కొన మొదటి దిశకు ఉండునట్లు, ప్రవాహానికి అడ్డుగా అమర్చుతారు. గాలివానలో అరచేయి అడ్డుపెట్టి దీపాన్ని కాపాడినట్లు, దాని వెనుక ఏర్పడే నెమ్మదైన సుడిలో మంట నిలుస్తుంది. ఆఫ్టర్‌బర్నరు ఆపి ఉన్నప్పుడు కూడా ఈ రేకు ప్రవాహానికి అడ్డమే గనుక కొంత థ్రస్టు పోతుంది.

• లోపలి తొడుగు: బయటి గొట్టానికి, మంటకు మధ్య చిల్లులున్న పలుచని తొడుగు ఉంటుంది. రెండింటి సందులో ప్రవహించే సాపేక్షంగా చల్లని వాయువు గోడను కాపాడుతుంది. దహనంలో పుట్టే తీవ్రమైన కీచు ధ్వని కంపనాలను కూడా ఈ చిల్లులు తగ్గిస్తాయి. దీనికి మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు కొద్దికాలమే పనికివస్తుంది. ఇంకోనెల్ వంటి నికెల్ మిశ్రలోహాలు మేలు.

• మారే నాజిల్: రెక్కల వలె తెరుచుకొనే ముక్కలతో చేస్తారు. సర్వో మోటారు దానిని నడుపుతుంది. వేడికి బిగుసుకొని పోకుండా కదిలేటట్లు చేయడం మోడల్ పరిమాణంలో అత్యంత కష్టమైన పని.

ఉదాహరణ లెక్క

సెకనుకు 250 గ్రాముల గాలి పీల్చి, 100 న్యూటన్ల థ్రస్టు ఇచ్చే మోడల్ ఇంజనును ఊహించుకొందాము. తోకగొట్టంలో ఉష్ణోగ్రత 900 కెల్విన్‌లు. దానిని 1600 కెల్విన్‌లకు పెంచితే నిష్పత్తి 1.78, దాని వర్గమూలం 1.33. అనగా నష్టాలు లేకుంటే థ్రస్టు 133 న్యూటన్లవుతుంది. నాజిల్ వ్యాసం సుమారు 43 మి.మీ. నుండి 50 మి.మీ.కు పెరగాలి. మంట నిలుపు వద్ద వేగం సెకనుకు 100 మీటర్లకు తగ్గాలంటే గొట్టం వ్యాసం సుమారు 80 మి.మీ. ఉండాలి.

ఇక ఖర్చు చూడవలెను. ఇంజను స్వయంగా సెకనుకు సుమారు 4.5 గ్రాముల ఇంధనం వాడుతుంది. ఆఫ్టర్‌బర్నరుకు, దహన నష్టాలతో కలిపి, మరో 5.6 గ్రాములు కావాలి. అనగా థ్రస్టు మూడవ వంతు పెరిగేసరికి ఇంధన వినియోగం రెట్టింపును మించింది. మోడల్ ఇంజనులో నాజిల్ ముందు పీడనం స్వల్పం గనుక, చేర్చిన వేడిలో సుమారు 8 శాతం మాత్రమే వాయువు వేగంగా మారుతుంది. పోలికకు, మిగ్-21 బిస్ విమానపు ఆర్-25 ఇంజను థ్రస్టు ఆఫ్టర్‌బర్నరుతో సుమారు 40 కిలోన్యూటన్ల నుండి 69 కిలోన్యూటన్లకు పెరిగేది. కాబట్టి మోడల్‌కు ఎక్కువ థ్రస్టే కావలసినచో, ఒక మెట్టు పెద్ద ఇంజను అమర్చడం సులభం, చౌక. ఆఫ్టర్‌బర్నరు విలువ ప్రధానంగా అధ్యయనంలో ఉన్నది. ఉష్ణగతిక శాస్త్రం, దహనం, లోహశాస్త్రం, నియంత్రణ ఒకే గొట్టంలో కలుస్తాయి.

నియంత్రణ క్రమం

నాజిల్ తెరుచుకోకుండా మంట పెరిగితే తోకగొట్టంలో పీడనం పెరుగుతుంది. అప్పుడు టర్బైనుకు ఇరువైపుల పీడన భేదం తగ్గి, వేగం పడిపోతుంది. ఎలక్ట్రానిక్ నియంత్రకం ఆ వేగాన్ని నిలబెట్టుటకు ప్రధాన ఇంధనాన్ని పెంచుతుంది, టర్బైను రెక్కలు అతిగా వేడెక్కుతాయి. దీనికి విరుద్ధంగా నాజిల్‌ను శాశ్వతంగా పెద్దదిగా ఉంచితే మామూలు ప్రయాణంలో థ్రస్టు తగ్గుతుంది. కనుక క్రమం ఇలా ఉండాలి:

1. ఇంజను పూర్తి వేగంలో స్థిరపడాలి.
2. స్పార్కు వెలిగించి, కొద్దిపాటి ఇంధనం పంపాలి.
3. మంట అంటుకొన్నదని ఉష్ణోగ్రత లేదా కాంతి సెన్సరు నిర్ధారించాలి.
4. నాజిల్ తెరుస్తూ, ఇంధనాన్ని క్రమంగా పెంచాలి.
5. ఆపేటప్పుడు ముందు ఇంధనం తగ్గించి, తరువాత నాజిల్ మూయాలి.

మంట ఆరిపోతే ఇంధనం తక్షణం దానంతట అదే ఆగిపోవాలి. లేకుంటే గొట్టంలో చేరిన కిరోసిన్ ఒక్కసారిగా అంటుకొంటుంది.

ప్రమాదాలు, జాగ్రత్తలు

మోడల్ టర్బైను చక్రం నిమిషానికి లక్షకు మించి తిరుగుతుంది. అది పగిలితే ముక్కలు ప్రక్కలకు ఎగురుతాయి కనుక, చక్రం తిరిగే తలానికి సూటిగా ఎవ్వరూ నిలువరాదు. ప్రయోగాలు మొదట ఆరుబయట, నేలకు బిగించిన పరీక్ష చట్రంపై, థ్రస్టు, టర్బైను ఉష్ణోగ్రతల కొలతలతో జరగాలి. ఎండుగడ్డి, వరికొయ్య ఉన్న చోట చేయరాదు. కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపకం, ఇంధనాన్ని ఆపే ప్రత్యేక మీట చేతికి అందునట్లు ఉండాలి. విద్యార్థులు అనుభవజ్ఞుల పర్యవేక్షణ లేకుండా ఈ పనికి పూనుకొనరాదు. భారతదేశపు డ్రోన్ నియమాలు, 2021 ప్రకారం విద్య, పరిశోధన, వినోదాల కొరకు కంటిచూపు మేరలో నడిపే, మొత్తం బరువు 25 కిలోలకు మించనివి మోడల్ విమానాల క్రిందకు వస్తాయి. ఎగురవేసే ముందు ఆ ప్రాంతపు గగనతల ఆంక్షలను తెలుసుకొనవలెను.

తెలుగు ప్రాంతంతో సంబంధం

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా, ఒడిషాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజను కర్మాగారం కలదు. మిగ్-21 విమానాల ఆఫ్టర్‌బర్నరు ఇంజన్లు అక్కడ తయారయ్యాయి. ఆ విమానాలకు భారత వాయుసేన 2025 సెప్టెంబరు 26న వీడ్కోలు పలికింది. సుఖోయ్-30 విమానాల ఏ.ఎల్-31 ఇంజన్లు కూడా సునాబెడలో తయారైనవే. వేడిని తట్టుకొనే మిశ్రలోహాల విషయంలో హైదరాబాదు ముఖ్య కేంద్రం. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం (డి.ఎమ్.ఆర్.ఎల్.), 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ నికెల్, టైటానియం మిశ్రలోహాలకు ప్రసిద్ధి.

ఇవి కూడా చూడండి

• జెట్ ఇంజను
• హెచ్.ఎఫ్-24 మారుత్
• సూరి భగవంతం
• మిశ్ర ధాతు నిగమ్