'సారు అవుతా' అనే మాట వెనక

మన ఆశ్రమ పాఠశాలల్లో పదో తరగతి పిల్లల్ని రేపు ఏమవుతారని అడిగి చూడండి. చాలామంది 'సారు అవుతా', 'టీచర్నవుతా' అంటారు. ఆ తర్వాత వినిపించేవి పోలీసు, నర్సు. పట్నం నుంచి వచ్చే అతిథులకు ఈ జవాబు చిన్నగా అనిపిస్తుంది. పెద్ద కలలు కనమని చెప్పి జీపెక్కి వెళ్తారు. ఈ జవాబు వెనక ఎనభై ఏళ్ల చరిత్ర ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. మన పిల్లలకైనా మనం చెప్పాలి.

ఉట్నూరు ప్రాంతం నుంచే మొదలుపెడదాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము, ఆయన సహచరులు నిజాం పోలీసుల కాల్పుల్లో ప్రాణాలు వదిలాక, గోండుల కష్టాలేమిటో చూడమని సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసెలో ఉండి మన ఊళ్లు తిరిగారు. 1943లో అదే మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. అప్పటికి చదవడం రాయడం వచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, వాళ్లకు వచ్చింది కూడా మరాఠీ చదువు. అలాంటివాళ్లనే పోగుచేసి శిక్షణ ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. గోండి నేర్చుకున్న అధికారి సేతు మాధవరావు పగ్డీ కూడా ఆ రోజుల్లో మనవాళ్ల కోసం పనిచేశారు.

ఇక్కడ మనం ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. ఆ కేంద్రంలో చదువుకున్నవాళ్లంతా బడి పంతుళ్లే కాలేదు. కొందరు పట్వారీలయ్యారు, కొందరు గుమాస్తాలు, మరికొందరు ఫారెస్టు గార్డులు. ఎందుకంటే అప్పటి మన బాధ అక్కడే ఉంది. దున్నుకునే భూమి మనదే, కాగితం మాత్రం ఇంకొకరి పేరున ఉండేది. కాగితం రాసే పట్వారీ బయటివాడు, అడవిలోకి పోతే కేసు పెట్టే గార్డూ బయటివాడే. అందుకని ఏ పని చేతిలో లేక జాతి నష్టపోతోందో చూసి, ఆ పనికి మన పిల్లల్ని తయారుచేశారు. కెరీర్ గైడెన్స్ అనే మాట అప్పుడు ఎవరికీ తెలియదు గానీ, మా దృష్టిలో ఏజెన్సీలో జరిగిన మొదటి కెరీర్ గైడెన్స్ అదే. తర్వాత వచ్చినవాటిలో దానంత తెలివైనది మాకు కనిపించలేదు.

1956లో రాష్ట్రాలు మారాయి. ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో చేరింది, బడి భాష తెలుగయింది, గోండి వాచకాలు మూలనపడ్డాయి.

ఆ కాలంలోనే ఢిల్లీలో ఈ విషయం మీద పెద్ద చర్చలే నడిచాయి. 1952-53లో మొదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో విద్యార్థులకు మార్గదర్శనం ఉండాలంది. 1954లో అందుకోసం కేంద్ర బ్యూరో పెట్టారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఆ కాగితాలు ఘాట్ రోడ్డు ఎక్కలేదు. మన దగ్గర హైస్కూలు ఉండటమే గొప్ప, అందులో సలహాదారు ఎక్కడినుంచి వస్తాడు?

1970లలో ఐటీడీఏలు వచ్చాయి, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. బడి ఉంది, సారు లేడు. మైదానం నుంచి పోస్టింగు పడ్డవాళ్లు చాలామంది బడికి వచ్చేవాళ్లు కాదు, వచ్చినవాళ్లకు పిల్లల మాట తెలిసేది కాదు. ఈ గైర్హాజరు బాధ పడలేకే 1986లో ప్రభుత్వం 275 నంబరు జీవో తెచ్చి, షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులను స్థానిక గిరిజనులకు కేటాయించింది. అది కోర్టుల్లో చిక్కుకుంది. మళ్లీ 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో నూటికి నూరు టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్నారు.

మా తరానికి ఆ జీవోయే మార్గదర్శి. ఇంటర్ పాసవ్వు, టీటీసీ చెయ్యి, డీఎస్సీ రాయి. ఊళ్లో చదువురాని తాతకు కూడా ఈ మూడు మెట్లు నోటికి వచ్చేవి. ఇంట్లో మొదటి జీతం అలా వచ్చింది. ఒకటో తరగతి పిల్లవాడు భయపడి గోండిలోనో కోయలోనో ఏడిస్తే, అదే భాషలో ఊరుకోబెట్టే టీచరు బడికి వచ్చింది. ఆడపిల్లలు డిప్లొమా చేసి పక్క ఊళ్లోనే ఉద్యోగంలో చేరారు. దీన్ని చిన్న కల అనడం మాకు కోపం తెప్పిస్తుంది.

అయితే ఒక్క దారే బాగా వెలుతురుగా ఉంటే పక్క దారులు కనబడవు. లెక్కలు బాగా వచ్చే పిల్లవాడూ, చెట్ల పేర్లన్నీ చెప్పే పిల్లా అదే వరసలో నిలబడ్డారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అయిదు లక్షల ఖర్చులు వేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో ఉంచింది. అంటే మా ఉద్యోగాలు మిగిలాయి, మా విద్యార్థులకు ఆ తలుపు మూసుకుంది. 2023లో ఏకలవ్య పాఠశాలలకు దేశమంతా ఒకే పరీక్షతో నియామకాలు జరిపారు, అందులో హిందీ కూడా ఒక భాగం. ఉత్తరాది నుంచి టీచర్లు మన బడులకు వచ్చారు. పిల్లల మాట తెలియని సార్లు మళ్లీ వచ్చారన్నమాట. జీవో 3కు బదులు చట్టం కావాలని మనం అడుగుతూనే ఉన్నాం, అడగాలి కూడా. కానీ ఈ ఏడాది పదో తరగతి రాసే పిల్లలు ఆ చట్టం వచ్చేదాకా ఆగలేరు.

అందుకే మార్లవాయి ప్రశ్ననే మళ్లీ వేసుకోవాలి: ఏ పని మన చేతిలో లేదు? 1/70 చట్టం కింద భూమి కేసులు నడుస్తున్నాయి, మన వకీళ్లు ఎంతమంది? ఇంటర్ తర్వాత లాసెట్ రాసి అయిదేళ్ల లా చదవొచ్చని మన పిల్లలకు ఎవరు చెప్పారు? పోడు పట్టాలకు గొలుసు పట్టి కొలిచే సర్వేయరు మనవాడైతే ఎలా ఉంటుంది? తెలంగాణలో పదో తరగతి తర్వాత పాలీసెట్ ఒక్క పరీక్షతో ఇంజనీరింగు డిప్లొమాకే కాదు, వ్యవసాయ, పశువైద్య డిప్లొమాలకూ పోవచ్చు. ఫారెస్టు బీట్ ఆఫీసరుకు ఇంటర్ చాలు. మగపిల్లలు 25 కిలోమీటర్లు, ఆడపిల్లలు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. సంతకు నడిచి వెళ్లొచ్చే మన పిల్లలు ఈ మాట వింటే నవ్వుతారు. రాతపరీక్ష దగ్గరే ఆగిపోతున్నారు.

ఇంకొక చిన్న పని. దరఖాస్తులు చాలాసార్లు మార్కుల వల్ల కాక కాగితాల వల్ల పోతున్నాయి. ఆధార్‌లో ఆత్రం, పదో తరగతి మెమోలో అత్రం, కుల ధ్రువపత్రంలో తండ్రి పేరు ఇంకోలా. తొమ్మిదో తరగతిలోనే, పదో తరగతి నామినల్ రోల్స్ పంపక ముందే, ప్రతి పిల్లవాడి మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి సరిచూడాలి. తేడా ఉంటే ఆ ఎండాకాలం సెలవుల్లోనే మీసేవకో తహసీల్దార్ ఆఫీసుకో పంపితే జూన్ నాటికి చేతికొస్తాయి.