రొమ్ము క్యాన్సర్: వైద్యం కోరడంలో జాప్యం (తెలంగాణ)

రొమ్ములో మార్పు గమనించాక మూడు నెలలు దాటినా వైద్యుణ్ని కలవకపోవడాన్ని సాధారణంగా జాప్యంగా పరిగణిస్తారు. భారతీయ మహిళల్లో అత్యధికంగా కనిపించేది రొమ్ము క్యాన్సరే.

కారణాలు: తొలిదశ గడ్డ తరచుగా నొప్పి పెట్టదు కాబట్టి పట్టించుకోరు. బిడియం, రొమ్ము తీసేస్తారన్న భయం, కూలి పోతుందన్న చింత తోడవుతాయి. కామారెడ్డి జిల్లా నిజాంసాగర్ వంటి గ్రామీణ మండలాలకు దూరం మరో అడ్డంకి. ఎందుకంటే ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉంది.

పరిష్కారాలు: 30 ఏళ్లు దాటిన మహిళలకు రొమ్ము పరీక్ష జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో భాగం. 2023 మార్చి 8న మొదలైన ‘ఆరోగ్య మహిళ’ మంగళవారం క్లినిక్‌లలోనూ దీన్ని చేర్చారు. ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం కింద అర్హులకు ఉచిత చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యుణ్ని కలిసిన 60 రోజుల్లో రోగనిర్ధారణ జరగాలంటోంది. తొలిదశలో చికిత్స ప్రాణాలు నిలుపుతుంది. నొప్పిలేని గడ్డకూ వెంటనే పరీక్ష అవసరం.