కంప్యూటరు ఒత్తిడి పరీక్ష

కొత్తగా కూర్చిన కంప్యూటరు చేత కొన్ని గంటలపాటు ఎడతెగకుండా పూర్తి సామర్థ్యంతో పని చేయించి, అది తప్పులు లేకుండా నడుస్తున్నదా, దాని భాగాల ఉష్ణోగ్రత హద్దులో ఉన్నదా అని చూడటాన్ని ఒత్తిడి పరీక్ష అంటారు. స్ట్రెస్ టెస్ట్ అనే పేరే వాడుకలో ఎక్కువ.

హైదరాబాదులో అబిడ్స్, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని కంప్యూటరు కూర్పించుకొనే అలవాటు ఉన్నది. ఇటువంటి యంత్రంలో ప్రాసెసరు ఒక సంస్థది, మదర్‌బోర్డు మరొక సంస్థది, ర్యామ్ ఇంకొక సంస్థది. అన్నిటినీ కలిపి పరీక్షించే కర్మాగారం ఏదీ లేదు కనుక ఆ పని కూర్చినవారు గాని, కొన్నవారు గాని చేసుకోవలసినదే. దుకాణంలో విండోస్ తెరచుకున్నంత మాత్రాన యంత్రం నిలకడగా ఉన్నదని చెప్పలేము. లోపమున్న ర్యామ్ చాలాసార్లు యంత్రాన్ని ఆపదు. దస్త్రాలలో తప్పులు చొప్పించి ఊరుకుంటుంది. ఆ సంగతి నెలల తరువాత, ఫోటోలో, లెక్కల పట్టికో తెరచుకోనప్పుడు బయటపడుతుంది.

పరీక్షా విధానం

మొదట ర్యామ్‌ను చూడటం మంచిది. మెమ్‌టెస్ట్86 అనే సాధనాన్ని పెన్‌డ్రైవ్‌లో ఉంచి, విండోస్ అవసరం లేకుండానే నడపవచ్చు. రాత్రంతా నడిపితే ఒక్క తప్పు కూడా రాకూడదు. ఒకటే కదా అని వదిలివేయడం సరికాదు.

ప్రాసెసరుకు ప్రైమ్95 ప్రసిద్ధం. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెదకడానికి జార్జ్ వోల్ట్‌మన్ 1996లో ప్రారంభించిన స్వచ్ఛంద కృషిలో భాగమిది. వారాల తరబడి సాగే ఆ లెక్కలో ఒక్క పొరపాటు దొర్లినా ఫలితం వ్యర్థం కనుక, యంత్రాన్ని ముందుగా పరీక్షించే సదుపాయం ఇందులో కలిపారు. జవాబులు ముందే తెలిసిన లెక్కలను చేయించి సరిచూస్తుంది. ఎక్కాలు వచ్చిన ఉపాధ్యాయుడు పిల్లవాని చేత పదే పదే అప్పజెప్పించుకొన్నట్లే. గ్రాఫిక్స్ కార్డుకు ఫర్‌మార్క్ వాడతారు. ఇది కార్డును విపరీతంగా వేడెక్కిస్తుంది కనుక అరగంట చాలు, అదీ దగ్గరుండి.

ఉష్ణోగ్రత, ఋతువు

చాలామంది విస్మరించే విషయం గది ఉష్ణోగ్రత. ఒకే భారం, ఒకే ఫ్యాను వేగం ఉన్నప్పుడు ప్రాసెసరు గది కంటే దాదాపు స్థిరమైన అంతరంతో వేడెక్కుతుంది. నాంపల్లిలో నుమాయిష్ జరిగే జనవరిలో, 25 డిగ్రీల గదిలో ప్రాసెసరు 78 డిగ్రీలకు చేరిందనుకుందాము. అంతరం 53. అదే యంత్రం రోహిణీ కార్తెలో, 40 డిగ్రీల గదిలో 93కు చేరుతుంది. నేటి ప్రాసెసర్లకు గరిష్ఠ హద్దు సాధారణంగా 95 నుండి 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే అవి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైనది. కనుక ఏసీ ఉన్న దుకాణంలో చేసిన పరీక్ష ఏసీ లేని ఇంటికి వర్తించదు. ఫలితంతో పాటు గది ఉష్ణోగ్రతను కూడా వ్రాసి ఉంచుకొని, మే నెలలో మరల పరీక్షించాలి. ఈలోగా హీట్‌సింక్‌లో చేరిన దుమ్ము ఆ అంతరాన్నే పెంచుతుంది.

యూపీఎస్ ఉన్నవారు పరీక్ష నడుస్తుండగా ఒకసారి దాని మెయిన్ స్విచ్ ఆపి చూడాలి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇవ్వగలిగేది 360 వాట్లే.

పరిమితులు

2016 జనవరిలో ఇంటెల్ ఆరవ తరం ప్రాసెసర్లు ప్రైమ్95 నడుపుతుండగా స్తంభించిపోవడం గమనించారు. లోపం ప్రాసెసరులోనే ఉన్నదని సంస్థ అంగీకరించి బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది. తొలినాడు ఉత్తీర్ణమైన యంత్రం తరువాత చెడదని కూడా అనుకోరాదు. 13, 14వ తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి వలన క్రమంగా క్షీణించినట్లు 2024లో తేలినది. ఆ సంవత్సరం ఆగస్టులో సవరణ వెలువడినది. వారంటీని రెండేళ్ళు పొడిగించారు. సవరణ క్షీణతను నివారించగలదే గాని, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసరును బాగుచేయలేదు.