సాగర్ మాస్టర్ ప్లానులో లేని బాణం

గుంటూరు దాటాక నల్లపాడు జంక్షన్లో రైలు పట్టాలు రెండు దారులవుతాయి. ఒకటి నరసరావుపేట, వినుకొండ మీదుగా నంద్యాల వైపు పోతుంది. రెండోది సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి మీదుగా నల్గొండ జిల్లాలోకి పోతుంది. దారులు వేరైనా ముందుగా తగిలేవి ఒకే నీళ్ళ మీద బతికే ఊళ్ళు. అదంతా నాగార్జునసాగర్ కుడి కాలవ ఆయకట్టు. ఈ కాలవ చరిత్రకీ, నేను ఆఫీసులో కుస్తీ పట్టే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కీ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉందండీ. కాస్త ఓపిక పట్టండి.

ముందు మా వృత్తి గోల కొంచెం చెప్పాలి. పెద్ద కంపెనీలో ఒక కొత్త సిస్టమ్ పెట్టాలంటే ఒక్క ప్లానుతో అవదు. సర్వర్లు తెచ్చేవాళ్ళకో ప్లాను, ప్రోగ్రాములు రాసేవాళ్ళకో ప్లాను, టెస్టింగ్ వాళ్ళకోటి, ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళకి ఇంకోటి. ఒక్కోదానికీ ఒక్కో మేనేజరు. వీటన్నిటినీ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఒకే ఫైల్లోకి చొప్పించి చూసుకోవచ్చు. దాన్ని మాస్టర్ ప్రాజెక్ట్ అంటాం, లోపలున్నవి సబ్ ప్రాజెక్టులు. చొప్పించడం రెండు నిమిషాల పని. మీటింగులో తెర మీద వేసి చూపిస్తే పెద్దవాళ్ళు సంతోషిస్తారు కూడా.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. సర్వర్లు వస్తే గానీ టెస్టింగ్ మొదలవదు కదా. ఆ సంగతి ప్లానుకి తెలియాలంటే ఒక సబ్ ప్రాజెక్టులోని పని నుంచి ఇంకో సబ్ ప్రాజెక్టులోని పనికి ఒక బాణం గియ్యాలి. దాని పేరు డిపెండెన్సీ. అవతలి వాళ్ళ పని మన ప్లానులో బూడిద రంగులో, దయ్యంలా కనిపిస్తూ ఉంటుంది. అక్కడ తేదీ మారితే, 'అక్కడ మారింది, ఇక్కడా మార్చమంటారా?' అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. అడగడం వరకే దాని పని. మార్చాలా వద్దా, మారిస్తే నష్టం ఎవరు భరించాలి అన్నది మనుషులు తేల్చుకోవాలి. నేను చూసిన ఒక ప్రాజెక్టులో (కంపెనీ పేరెందుకు లెండి) ప్రతి సబ్ ప్రాజెక్టూ విడిగా చూస్తే పచ్చగా ఉండేది, మొత్తం కలిపి చూస్తే నెలల తరబడి ఆలస్యం. ప్రతి పనికీ ఒక ఓనరున్నాడు. బాణాలకి మాత్రం ఎవరూ లేరు.

ప్లాన్లు కలపడం అంటే ఫైళ్ళు కలపడం కాదు, వాటి మధ్య బాణాలకి బాధ్యులని పెట్టడం అని నా అభిప్రాయం. ఇది కంప్యూటర్లతో వచ్చిన సమస్య కాదు. నాగార్జునసాగర్ కథ చూడండి.

1951లో మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నార్ పథకం తలపెట్టింది. కృష్ణ నీళ్ళు దక్షిణాదికి, తమిళ ప్రాంతానికి తరలిపోతాయని ఆంధ్రలో గగ్గోలు పుట్టింది. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టిన వాళ్ళలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ముఖ్యుడు. 1952లో కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ నందికొండకే మొగ్గింది. అవతల హైదరాబాదు రాష్ట్రానికి తన ఆలోచనలు తనకున్నాయి. నల్గొండకి ఎడమ కాలవ కావాలి. ఆనకట్ట ఇంకా ఎగువన ఏలేశ్వరం దగ్గర ఉండాల్సిందనీ, దిగువకి జరపడం వల్ల తమకి నష్టం జరిగిందనీ తెలంగాణలో ఇప్పటికీ వాదన ఉంది. అంటే మొదటినుంచీ ఇది రెండు రాష్ట్రాల రెండు ప్లాన్లని ఒకే గోడకి కట్టిన వ్యవహారం.

1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసేనాటికి ఆంధ్ర, హైదరాబాదు వేరువేరు రాష్ట్రాలే. ఆంధ్రప్రదేశ్ పుట్టడానికి ఇంకా పదకొండు నెలల టైముంది. అందుకని పని నడపడానికి ఉమ్మడి కంట్రోల్ బోర్డు పెట్టారు. మా భాషలో చెప్పాలంటే మాస్టర్ ప్రాజెక్టుకి ఓనరు దొరికాడన్నమాట. గమనించండి, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాళ్ళు క్రిటికల్ పాత్ పద్ధతి తయారుచేసుకున్నది 1957 ప్రాంతంలో. అక్కడి నేవీ వాళ్ళ పెర్ట్ వచ్చింది 1958లో. అంటే ఈ రోజు సాఫ్ట్‌వేర్‌లో మనం వాడే లెక్క పుట్టకముందే ఇక్కడ పని మొదలైపోయింది.

అయినా లెక్క తెలియని వాళ్ళేం కాదు. ఆ రోజుల్లో దేశంలో సిమెంటుకి కరువు, విదేశీ యంత్రాలు కొనడానికి డాలర్లు లేవు, చేతిపని చేసే మనుషులు మాత్రం కావలసినంత మంది. అందుకని కాంక్రీటు బదులు రాతి కట్టడం ఎంచుకున్నారు. డాక్టర్ కె.ఎల్.రావు లాంటి ఇంజనీర్లు దీని వైపు నిలబడ్డారు. రిసోర్సు దొరక్క ప్లాను ఆగిపోతుందని తెలిసినప్పుడు, దొరికే రిసోర్సుకి తగ్గట్టు డిజైన్నే మార్చడం అంటే ఇది. ఆనకట్టకి దగ్గర్లోని మాచర్లకి అప్పటికే గుంటూరు నుంచి మీటర్‌గేజి రైలుంది. 1958లో అక్కడే కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. చివరికి సుమారు 124 మీటర్ల ఎత్తున, ప్రపంచంలోనే అతి పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటి లేచింది. వేలమంది కూలీలు రాళ్ళు మోసి కట్టిన గోడ అది.

ఇంకో బాణం గురించి కూడా చెప్పుకోవాలి. రిజర్వాయరు నిండితే నాగార్జునకొండ లోయ మునిగిపోతుంది. అందులో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది, బౌద్ధ విహారాలున్నాయి. నీళ్ళు వచ్చేలోపు తవ్వెయ్యాలి, లేకపోతే ఇక ఎప్పటికీ లేదు. కేంద్ర పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలని విప్పి, కొండ మీదా, ఒడ్డున అనుపు దగ్గరా మళ్ళీ కట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. మ్యూజియం ముందు, నీళ్ళు తర్వాత! వేరే శాఖ, వేరే ప్లాను, అయినా బాణం తెగలేదు. ఎందుకంటే దానికి ఒక బాధ్యుడున్నాడు, తేదీ దాటితే ఏమవుతుందో అందరికీ కళ్ళకి కట్టినట్టు తెలుసు.

మరి తెగింది ఎక్కడ?

కుడి కాలవ పొడవు 203 కిలోమీటర్లు. దాని కింద ఆయకట్టు సుమారు 11 లక్షల ఎకరాలు, గుంటూరు జిల్లాలోనూ, 1970లో కొత్తగా ఏర్పడ్డ ప్రకాశం (మొదట్లో ఒంగోలు) జిల్లాలోనూ. పెద్ద కాలవ నుంచి బ్రాంచి కాలవలు, వాటినుంచి మేజర్లు, మైనర్లు, ఆ తర్వాత తూము. ఒక్కో తూము కింద వంద ఎకరాల దాకా ఉండేవి. ఆ రోజుల్లో దేశమంతా ఉన్న పద్ధతి ప్రకారం ప్రభుత్వం బాధ్యత తూముతో సరి. అక్కణ్ణుంచి చేలోకి బోదెలు తవ్వుకోవడం, చేను చదును చేసుకోవడం రైతు పని.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ రైతెవరు? తరతరాలుగా వానని నమ్ముకుని జొన్న, పత్తి, మిరప వేసిన నల్లరేగడి మెట్ట రైతు. తూము దగ్గరున్న పది ఎకరాల ఆసామీ తన చేలోంచి బోదె వెయ్యనిస్తే గానీ అవతలి వాడికి నీళ్ళు రావు. అతనెందుకు ఒప్పుకుంటాడు? ఒప్పించే పని ఎవరిది? ఇంజనీరుది కాదు, ఆయన పని తూము దగ్గర అయిపోయింది. రెవెన్యూ వాళ్ళది కాదు, వ్యవసాయ శాఖదీ కాదు. ఆనకట్ట నుంచి తూము దాకా ప్రతి బాణానికీ ఒక సంతకం ఉంది. తూము నుంచి చేలోకి వెళ్ళే బాణాన్ని అసలు ఎవరూ గియ్యలేదు.

దీనికి తోడు పంటల గొడవ. నీళ్ళు అందరికీ చాలాలంటే కొంత భూమిలోనే వరి వెయ్యాలి, మిగతాది ఆరుతడి పంటలకి అని కాగితం మీద పంచారు. ఎగువన ఉన్నవాళ్ళు ఎదురుగా పారే నీళ్ళు చూస్తూ ఆరుతడి వేస్తారా? వరి వేశారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు, వరికి ధర, తిండిగింజల భరోసా ఉన్నాయి. నష్టం మాత్రం చివరి భూముల వాళ్ళకి. దర్శి, అద్దంకి, ఒంగోలు వైపు రైతులు కాలవ ఉండి కూడా నీళ్ళ కోసం ఎదురు చూశారు. ఒంగోలు పట్నానికి తాగునీళ్ళు కూడా ఈ సాగర్ కాలవ నుంచే రావాలని గుర్తుంచుకోండి.

ఆ లోటు ప్రభుత్వానికి తెలియకపోలేదు. దేశమంతటికీ ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమం 1974-75లో మొదలైంది. 1976లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన ఋణం పేరులోనే 'కాంపోజిట్ ప్రాజెక్ట్' అన్న మాటుంది. కాలవలూ, బోదెలూ, చేల చదునూ అన్నీ కలిపి ఒకే ప్లాను అని అర్థం. నీళ్ళు వదిలిన తొమ్మిదేళ్ళకి మనవాళ్ళు మాస్టర్ ప్లానుకి అసలైన చివరి సబ్ ప్రాజెక్టు చేర్చారన్నమాట! 1997లో చట్టం తెచ్చి రైతుల నీటి సంఘాలు పెట్టారు. తూము కింద బాణానికి ఒక ఓనర్ని వెతకడం అది. సంఘాలు ఎంత బాగా పనిచేశాయన్నది వేరే చర్చ, కానీ వెతకడం మాత్రం సరైన చోటే వెతికారు.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఒక ఆప్షన్ ఉంటుంది. చొప్పించిన ప్లాన్లన్నిటినీ కలిపి ఒకే క్రిటికల్ పాత్ లెక్కకట్టమనొచ్చు, లేదా ఎవరి క్రిటికల్ పాత్ వాళ్ళకి చూపించమనొచ్చు. 1955 ప్లానులో క్రిటికల్ పాత్ ఆనకట్టతో అయిపోయింది. అద్దంకి రైతుని అడిగి ఉంటే తన చేలో బోదెతో అవుతుందని చెప్పేవాడు. ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు. కలిపి లెక్క కట్టమని అడిగిన వాళ్ళు లేరు, అంతే తేడా.

ప్రాజెక్ట్ సర్వర్ 2007లో 'డెలివరబుల్' అని ఒక సదుపాయం వచ్చింది. నా ప్లాను నుంచి ఫలానా తేదీకి ఫలానాది ఇస్తానని ప్రకటిస్తాను, మీరు మీ ప్లానులో దాన్ని చూసుకుంటూ ఉంటారు. నా తేదీ జరిగితే మీకు తెలుస్తుంది, కానీ మీ ప్లాను దానంతటది జరగదు. చాలామంది దీన్ని లోపం అన్నారు. నాకైతే అందులో నిజాయితీ కనిపించింది. తెలియజెయ్యడం వేరు, కట్టుబడటం వేరు. రెండోది చెయ్యడానికి సాఫ్ట్‌వేర్ చాలదని అది ఒప్పుకున్నట్టే కదా.

ఈ కథ పాతబడి పోయిందనుకునేరు. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఒక్కటైన ప్లాను మళ్ళీ రెండైంది, గోడ మాత్రం ఒకటే. సాగర్ నిర్వహణ తెలంగాణ చేతిలో, శ్రీశైలం ఆంధ్ర చేతిలో పెట్టుకున్నారు. మధ్యలో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు అని ఒకటి ఏర్పాటైంది. 2023 నవంబరు 29 రాత్రి, తెలంగాణలో పోలింగుకి కొన్ని గంటల ముందు, ఆంధ్ర అధికారులు పోలీసులతో వెళ్ళి 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారు, కుడి కాలవకి నీళ్ళు వదిలారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి ఆనకట్ట మీద కాపలా కాయాల్సొచ్చింది. సరిగ్గా సగం గేట్లు! బోర్డు ఉంది, లెక్కలున్నాయి, ఎవరికెన్ని నీళ్ళో రాసుకున్న కాగితాలున్నాయి. మాట తేడా వస్తే ఇద్దరూ తలొంచే అధికారం మాత్రం ఆ బోర్డుకి అందలేదు. 1955 కంట్రోల్ బోర్డు రెండు రాష్ట్రాల మధ్య పని నడిపించింది. అంతకన్నా ఎన్నో రెట్లు సమాచారం చేతిలో ఉన్న ఈ రోజుల్లో తుపాకులు పట్టుకుని నిలబడాల్సొచ్చింది.

అందుకే ఎవరైనా 'అన్ని ప్లాన్లూ కలిపేశామండీ, ఒక్క స్క్రీన్ మీద మొత్తం కనిపిస్తుంది' అని గర్వంగా చూపిస్తే నేను పెట్టెల వంక చూడను. ప్లానుకీ ప్లానుకీ మధ్య ఉన్న బాణాల దగ్గర ఆగి ఒక్కోదాని గురించీ అడుగుతాను. ఈ తేదీ జారితే ఫోన్ ఎవరికి వెళ్తుంది? ఆయనకి అవతలి వాళ్ళని ఆపే హక్కుందా? మొత్తం అయిపోయిందని ఎవరు చెప్పాలి, కట్టినవాళ్ళా, వాడుకునేవాళ్ళా? ఈ చివరి ప్రశ్న 1967లో అడిగి ఉంటే, సాగర్ పూర్తయిందో లేదో చెప్పాల్సింది ఆనకట్ట మీద నిలబడ్డ పెద్దలు కాదు, దాదాపు రెండొందల కిలోమీటర్ల దిగువన తూము దగ్గర పార పట్టుకుని నిలబడ్డ రైతు.